తేటమనిషి

ఊపిరి కేంద్రం గుమ్మం ముందు ముగ్గు ముగించి, చేతులు దులుపుకుని, యశోద లోపలికొచ్చి గొట్టం పెదాల మధ్య పెట్టుకుని సున్నా ఊదింది. విభాజకం ఆ ఊపిరిని మింగి, కాసేపు గురగురలాడి, పచ్చదీపం వెలిగించింది. ఇక ఆ పూటకు పలుగువలసలో ఎవరి రొమ్ము ఎంత చెడిందో, ఎవరివల్ల చెడిందో చెప్పడానికి యంత్రం సిద్ధమైంది.

ఊరికొక తేటమనిషి ఉండాలని నియమం. ఆ మనిషి చుట్ట తాగి ఉండకూడదు, పొగపొయ్యి ముందు కూర్చుని ఉండకూడదు, మిల్లు గేటు దాటి ఉండకూడదు. అలాంటి మనిషి ఊపిరిలో ఏం కనిపిస్తే అది ఊరి గాలి కింద లెక్క. ఊరి గాలి ఎవరి తప్పూ కాదు గనక దాన్ని ప్రతివాళ్ల ఊపిరిలోంచి ముందే తీసేస్తారు. మిగిలినదాన్ని విభాజకం మూడు వాటాలు వేస్తుంది: పనివాటా, చుట్టవాటా, పొయ్యివాటా. అన్నదమ్ముల పంపకాల్లో పక్షపాతం ఉంటుందేమో గానీ ఊపిరి పంపకంలో ఉండదని కేంద్రం గోడమీద పెద్దక్షరాలతో రాసి పెట్టారు. ఆ గోడకు ఏటా రంగు వేయిస్తారు కూడా.

పలుగువలసకు యశోద తేటమనిషై చాలా ఏళ్లయింది. ఎంపికనాడు అడిగిన ప్రశ్నలన్నింటికీ లేదు, లేదు అని చెప్పి నెగ్గిన మనిషి ఆవిడ. అగరొత్తులు, దోమల బిళ్లలు, పక్కింటి పొగగొట్టం, చివరికి చనిపోయిన తాతగారి చుట్ట అలవాటు కూడా అడిగారు. దేనిలోనూ దొరకలేదు. ఆ విషయం చెప్పుకోవాల్సి వస్తే ఇప్పటికీ ఆవిడ మెడ కాస్త నిటారుగా లేస్తుంది. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, తెల్లవారుతూనే పొడిదగ్గు పట్టుకుంటోంది. వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంది. తేటమనిషి నలుగురిలో దగ్గితే బాగుండదని మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

అయినా ఆవిడ ఊపిరిని ఎవరూ కొలవరు. సున్నాను కొలవడానికి ఏముంటుంది.

కిటికీలోంచి మిల్లు మోత వినిపిస్తూనే ఉంది. ఊరు పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నట్టే ఉంటుంది ఆ మోత. కొండని తవ్వి, పలుగురాయిని పిండి చేసి, సముద్రం మీద తేలే సూర్యపలకల అద్దాలకు పంపుతారక్కడ. ఒక మనిషి ఊపిరిలో పనివాటా సగం దాటిందో, ఆ మనిషి పనిచేసిన షెడ్డు తనంతట తానే మూతపడుతుంది. విభాజకానికీ మిల్లుకీ మధ్య తీగ వేసి ఉంది, ఎవరినీ అడగనక్కర్లేదు. సగం దాటకపోతే ఆ మనిషి జబ్బు ఆ మనిషి సొంతం. మిల్లులో ఒక పనిచెయ్యి తగ్గినట్టు, అంతే. ఆ చోటును అదే ఇంట్లోంచి ఇంకొకరు నింపాలని పనిలో చేరేనాడే ఒప్పుకుని ఉంటారు.

యశోద ఇన్నేళ్లలో షెడ్డు మూతపడటం చూడలేదు. దాన్నిబట్టి మిల్లు మంచిదని అందరూ అనుకునేవాళ్లు, ఆవిడా అనుకునేది.

మొదటి పిలుపుకి దాలమ్మ వచ్చింది, కూతురు భుజం పట్టుకుని. గుమ్మం దగ్గర ఆగి, ముగ్గు తొక్కకుండా అంచు వెంబడి అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికొచ్చింది. అంత ఆయాసంలోనూ ఆ మర్యాద మర్చిపోలేదు. పడమటి షెడ్డులో జల్లెడ పట్టే పని ఆవిడది. ఇప్పుడు జల్లెడ సంగతి అలా ఉంచి చెంబు ఎత్తడానికి కూడా ఓపిక లేదు.

"కూర్చో పెద్దమ్మా. చుట్ట తీసెయ్యి ముందు," అంది యశోద.

దాలమ్మ నోరు తెరిచి చుట్ట బయటికి తీసింది. నిప్పు కొన లోపలే ఉంది. ఆ వైపు ఆడవాళ్లు చాలామంది అలాగే కాలుస్తారు, దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, పనిలో చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. నిప్పుని నాలుకతో ఆర్పి, మిగిలిన ముక్కని కొంగున ముడేసుకుంది దాలమ్మ.

"షెడ్డులో గొంతు గరగరలాడతాది తల్లీ. ఇది కాలిస్తే ఆ మంట తెలవదు. ఎన్నిసార్లు ఒగ్గీమన్నారు, నాను ఒగ్గనేకపోనాను," అంది తనే.

ఆ మాటను విభాజకం వినదు. వింటే మాత్రం ఏ వాటాలో వేస్తుంది. షెడ్డు మంట ఓర్చుకోవడానికి తాగిన చుట్ట కూడా చుట్టే.

"ఈ గుంట మా రెండోది, పార్వతి. దీని ఊపిరి కూడా తీసుకుంటారట కదా, రేపట్నుంచి నా జల్లెడ ఇదే పడతాది," అంది దాలమ్మ.

పార్వతికి ఇరవై దాటి ఉండవు. మిల్లు వాళ్లిచ్చిన కొత్త ముక్కుతొడుగు చేతిలో పట్టుకుని, దాని బిగింపులు వేస్తూ తీస్తూ నిలబడింది. సముద్రం ఒడ్డున పల్లెలో పిన్నిగారింట పెరిగిన పిల్ల, వారం కింద తల్లి కబురంపితే వచ్చింది. ఎందుకక్కడ పెరిగిందో యశోదకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు.

దాలమ్మ పెద్దకూతురు కనక ఇదే పడమటి షెడ్డులో పనిచేసి, పెళ్లి కుదిరిన ఏడాది రొమ్ము బిగుసుకుపోయి చనిపోయింది. ఆ పిల్ల ఊపిరిని కూడా ఇదే విభాజకం పంచింది. కనక చుట్ట ముట్టలేదు గనక చుట్టవాటా లేదు. పనివాటా కాస్తే వచ్చింది. మిగిలిందంతా పొయ్యివాటా. అంటే చిన్నప్పట్నుంచీ తల్లి వండే పొయ్యి పక్కన కూర్చుని కూతురు చచ్చిపోయిందని తేల్చారు. ఆ కాగితం దాలమ్మకు చదివి వినిపించారు. దినం అయిన మర్నాడే దాలమ్మ అప్పటికి పసిదైన రెండోదాన్ని చెల్లెలి ఊరికి పంపేసి, ఇంట్లో పొయ్యి పగలగొట్టింది. అప్పట్నుంచీ మిల్లు గంజి, చద్దన్నం, ఎవరైనా పెడితే అదీ. ఇంట్లో నిప్పు రాజేసింది లేదు.

"ఊదు పెద్దమ్మా. నెమ్మదిగా, ఎంత వస్తే అంత."

దాలమ్మ ఊదింది. మధ్యలో ఆగింది, దగ్గింది, కళ్లు తుడుచుకుని మళ్లీ ఊదింది. యంత్రం పలక మీద మూడు గీతలు లేచాయి. చుట్టవాటా బాగా పైకి పోయింది, పొయ్యివాటా దాని భుజం దాకా వచ్చింది, పనివాటా కింద పచ్చగా పడుకుని ఉంది. పొయ్యి మానేసి ఇన్నేళ్లయినా పాతమసి రొమ్ము వదల్లేదని విభాజకం అభిప్రాయం.

"సుట్టేనా?" అంది దాలమ్మ.

"చుట్టే పెద్దమ్మా."

"అనుకున్నాన్లే." ఆవిడ కూతురివైపు తిరిగింది. "నువ్వు ఎప్పుడూ ముట్టకు, సెప్తన్నాను. ముట్టకపోతే నీకేటీ అవదు."

యశోదకు ఆ మాట గుచ్చుకుంది. ఏం చేస్తుంది, గీతలు ఎదురుగా ఉన్నాయి. ఆవిడ పార్వతికి కొత్త గొట్టం బిగించి ఇచ్చింది. మిల్లులో చేరేముందు తీసే ప్రవేశ ఊపిరంటే లాంఛనం. చుట్ట ముట్టని, పొగపొయ్యి లేని ఇంట పెరిగిన, మిల్లు ఎరగని పిల్ల. మూడు గీతలూ నేలకంటుకుని ఉంటాయి, ముద్ర వేస్తే సరి.

పార్వతి ఊదింది. పొడుగ్గా, తాపీగా, మధ్యలో తెగకుండా ఊదుతూనే ఉంది. ఊపిరి అంత దూరం పోతుందా అని యశోద ముచ్చటపడింది కూడా. విభాజకం గురగురలాడింది, ఆగింది, మళ్లీ గురగురలాడింది. తర్వాత పలక మీద, యశోద ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడని వరుస కనిపించింది.

సున్నాకు దిగువ. పంపకం కుదరదు. తిరిగి ఊదించండి.

తిరిగి ఊదించింది. అదే వరుస. గొట్టం మార్చింది, నీళ్లు తాగించింది, మళ్లీ అదే.

లోపలి గదిలోంచి రఘునాథ పట్నాయక్ వచ్చాడు. కేంద్రం అధికారి, నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. పలక చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"యంత్రం గాడి తప్పినట్టుందమ్మా. పొద్దున్న సున్నా సరిగ్గా ఊదేవా?"

"ఊదేను సార్. పచ్చదీపం వచ్చింది."

"సున్నాకి దిగువ ఏముంటుంది, ఉండకూడదు కదా."

ఉండకూడదు. ఊరి గాలి కంటే తక్కువ పీల్చే మనిషి ఉండడు. ఉంటే, ఊరి గాలి అనుకున్నది ఊరి గాలి కాదన్నమాట. ఈ ముక్క యశోద బుర్రలో మెరిసినప్పుడు ఆవిడకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆవిడ చూపు యంత్రం మీటమీద పడింది.

"సార్, ఈ అమ్మాయి ఊపిరిని తాత్కాలికంగా సున్నా కింద పెడతాను. పెట్టి నేను ఊదుతాను," అంది.

"నువ్వా?"

"యంత్రం తప్పో నా తప్పో తేలిపోతుంది కదా."

పట్నాయక్ అడ్డు చెప్పలేదు. అంత చిన్న పరీక్షకు అడ్డేముంటుందనుకున్నాడు. యశోద మీట మార్చి, పార్వతి ఊపిరిని అడుగున పెట్టి, గొట్టం నోట పెట్టుకుంది. చివర్లో దగ్గు ఆపుకోవడానికి చాలా కష్టపడింది.

చుట్టవాటా లేదు. పొయ్యివాటా లేదు. పనివాటా గీత ఎర్రగా లేచి, సగం గీటు దాటి, ఇంకా పైకి వెళ్లి ఆగింది. దాని కింద విభాజకం అలవాటు ప్రకారం ఓ ప్రశ్న వేసింది.

ఏ షెడ్డు?

యశోద పలకను చూస్తూ ఉండిపోయింది. మిల్లు గేటు దాటలేదు తను. దాటనందుకే కదా ఈ కుర్చీ, ఈ పేరు. పలుగుపిండికి తప్ప ఆ గీత అలా లేవదు. ఆ పిండి తన రొమ్ములోకి ఎలా వచ్చింది, ఎవరు పోశారు.

"గాలికి ఎగిరొచ్చిందేమో," అన్నాడు పట్నాయక్, తనకే నమ్మకం లేని గొంతుతో. మళ్లీ తనే కొట్టేశాడు. "మిల్లు అవతల కొండవైపు కదా. గాలి ఇటు రాదు."

యశోద గొట్టం కింద పెట్టబోయింది. దాని నల్లటి పిడిమీద తన వేళ్ల గుర్తులు తెల్లగా అంటుకుని ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు. ముగ్గు వేసే రెండు వేళ్లు.

ఆవిడ మెల్లగా తలెత్తి గుమ్మంవైపు చూసింది. తలుపు మూల గోతం ఉంది. మిల్లువాళ్లు ఏటా ఇంటింటికీ ఉచితంగా పంచే గోతం. అద్దాలకు పనికిరానంత మెత్తగా నలిగిన పిండిని పారేయడం ఎందుకని పలుగువలస ఆడవాళ్లకు ముగ్గులకిచ్చేవాళ్లు. మంచి తెలుపు, వేళ్లమధ్య జారుడు, అంత సన్నగా గీత దిగే పిండి చుట్టుపక్కల ఎక్కడా దొరకదని ఊరంతా మెచ్చుకునేది. యశోద రోజూ ఇంటిముందు ఒకటి, కేంద్రం ముందు ఒకటి వేసేది. తెల్లవారుజామున, వంగి, ముఖం నేలకు దగ్గరగా పెట్టి. వేయబోయే ముందు నిన్నటి ముగ్గుని చీపురుతో ఊడ్చేది. ఆ పిండితోనే గిన్నెలు తోమేది. ఎంపికనాడు అన్నీ అడిగారు, ముగ్గు సంగతి ఎవరూ అడగలేదు. అడగడానికి అది పొగా మసా.

"పార్వతీ, మీ పిన్ని వాళ్ల ఊళ్లో ముగ్గు దేంతో వేస్తారమ్మా?" అంది.

"బియ్యప్పిండితోటి. పండగలకే. మిగతా రోజులు నేదండి, ఇసకలో నిలవదు," అంది పార్వతి బెదురుగా. తనేం తప్పు చేసిందో ఆ పిల్లకు అర్థం కాలేదు.

పట్నాయక్‌కి అర్థమైంది. చేత్తో గోడ పట్టుకున్నాడు.

"మా ఇంట్లో కూడా ఆ పిండే," అన్నాడు. "మా చిన్నపాప కూడా వేస్తుంది. వాళ్లమ్మతోపాటు కూర్చుని చుక్కలు పెడుతుంది."

దాలమ్మ ఒక్కతే ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది.

"ఏటైనాది తల్లీ? గుంట ఊపిరి మంచిది కాదేటి?"

"మంచిదే పెద్దమ్మా. నాదే మంచిది కాదు."

అని యశోద కుర్చీలో కూలబడింది. లెక్క అంతా కళ్లముందు తిరిగింది, ఆపుదామన్నా ఆగలేదు. పొద్దున్నే తను పలుగుపిండి పీలుస్తుంది. పీల్చి వచ్చి సున్నా ఊదుతుంది. విభాజకం ఆ పిండిని ఊరి గాలి అనుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్ల రొమ్ముల్లోంచి అంత పిండినీ ఎవరి తప్పూ కాదని తీసేస్తుంది. తన రొమ్ము చెడుతున్నకొద్దీ తీసేసేది పెరిగింది, వాళ్ల పనివాటా తగ్గింది. మిగిలేది చుట్ట, పొయ్యి. ఇన్నేళ్లూ ఒక్క షెడ్డూ మూతపడలేదంటే మిల్లు మంచిదని కాదు.

పట్నాయక్ తేరుకున్నాడు. నెమ్మదిగానే మాట్లాడాడు.

"యశోదమ్మా, ఇవాళ్టికి సున్నా మళ్లీ నీదే పెట్టు. నేను పైవాళ్లకి రాస్తాను. కమిటీ వేస్తారు, గోతాలు పరీక్షిస్తారు, పద్ధతి ప్రకారం సవరిస్తారు. నేను కాదనడం లేదు."

"ఎన్నాళ్లు పడుతుంది సార్?"

"అది నా చేతిలో లేదమ్మా."

"ఈ అమ్మాయి రేపు షెడ్డులోకి వెళ్లాలి."

ఆయన పార్వతివైపు చూడలేకపోయాడు.

"సున్నా మారిస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదా. పాత లెక్కలన్నీ యంత్రం తిరగేస్తుంది. ఒక్కటి కూడా వదలదు. షెడ్లు మూతపడతాయి, ఊరు ఊరంతా రేపు పనిలేక కూర్చుంటుంది. నిన్నేమంటారో ఆలోచించు."

యశోద ఆలోచించింది. సున్నాను అధికారి మార్చలేడు, మిల్లు మార్చలేదు. పలుకుబడి ఉన్నవాళ్లు వేలు పెట్టకుండా పూర్వం ఎవరో జాగ్రత్తపరుడు ఆ అధికారాన్ని తేటమనిషి ఒక్కదానికే ఉంచాడు. తనకు తానుగా దిగిపోయి, తనకంటే తేట ఊపిరిని కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. దిగిపోయేవాళ్లుంటారని ఎవరూ అనుకుని ఉండరు. దిగితే కుర్చీ పోతుంది, క్వార్టరు పోతుంది, ఆ నిటారు మెడ పోతుంది. కూర్చుంటే దాలమ్మ జల్లెడ పార్వతి చేతికి వస్తుంది, ఆ పొడుగాటి ఊపిరి కొన్నేళ్లకు ముక్కలవుతుంది. అప్పుడు ఆ పిల్లకు పొయ్యి లేదు, చుట్ట లేదు. అయినా విభాజకం ఏదో ఒకటి వెతికిపెడుతుంది.

"తేటమనిషి మిల్లు గేటు దాటకూడదు కదా సార్, నియమం," అంది.

"అవును," అన్నాడు పట్నాయక్. అన్నాక ఆవిడ ఎక్కడికి వస్తోందో గ్రహించి, ఏదో చెప్పబోయి ఆగాడు. "నేను ఇంటికి ఫోన్ చేసుకోవాలి, పాప లేచే వేళయింది," అని బయటికి వెళ్లిపోయాడు. వెళుతూ ముగ్గు మీద అడుగు పడకుండా దూకాడు. యశోదకు ఆ మనిషి మీద జాలి కలిగింది.

ఆవిడ పలక ముందుకు జరిగింది. దిగిపోతున్న తేటమనిషి గడిలో తన పేరు చెప్పింది, కొత్త తేటమనిషి గడిలో పార్వతి పేరు. రూఢి చేయమంటే చేసింది. పచ్చదీపం ఆరి, గది అంతా ఒక్క క్షణం చీకటి కమ్మినట్టయి, మళ్లీ వెలిగింది. విభాజకం ఇంతకు ముందెప్పుడూ వినని శబ్దంతో లోపలెక్కడో తిరగడం మొదలుపెట్టింది.

తర్వాత ఆవిడ ఇందాకటి ప్రశ్నకు జవాబిచ్చింది. ఏ షెడ్డు? షెడ్డు లేదు. అయితే వాటా పేరు చెప్పమంది యంత్రం. మూడింటిలో ఏదీ నప్పదు. యశోద కాస్త ఆగి, వాకిలివాటా అని చెప్పింది. విభాజకం మారు మాట లేకుండా నాలుగో గీత గీసుకుంది.

"పెద్దమ్మా, పార్వతి రేపు మిల్లుకి వెళ్లదు. ఇకమీద పొద్దున్నే వచ్చి ఇక్కడ ఊదాలి, అంతే. ఇటు చూడు, నీ గీతలు మారాయి."

పలక మీద దాలమ్మ పేరు ఉంది. పనివాటా సగం గీటు దాటి నిలబడింది. చుట్టవాటా ఉంది గానీ దాని పక్కన పొట్టిగా ఉంది. దాలమ్మ ఆ గీతలను చూడలేదు. పేర్లు ఒకటొకటే పైకి జరిగిపోతున్నాయి, బతికినవాళ్లవీ పోయినవాళ్లవీ కలిసి. ఆవిడ వాటినే చూస్తోంది.

"దీన్లో మా కనక ఉంటాదా?"

యశోద ఆ వరుసను ఆపింది. వెతికి తీసింది. ముందు తను చదువుకుని, తర్వాత పైకి చదివింది. పనివాటా, దాదాపు మొత్తం. పొయ్యివాటా చివర పిసరంత.

"అంటే?"

"అంటే పొయ్యి కాదు పెద్దమ్మా. నీ పొయ్యి కాదు."

దాలమ్మ కొంగు ముడి విప్పి చుట్టముక్క తీసి, చూసి, మళ్లీ ముడేసుకుంది.

"నాను పొయ్యి పగలేసినాను కదా తల్లీ," అంది ఆఖరికి. "నా సేతుల్తోటి పగలేసినాను. గుంటని ఊరు దాటించీసినాను. పిల్లని సంపుకున్న ముండనని నాకు నానే పేరెట్టుకున్నాను."

యశోద ఆవిడ చెయ్యి పట్టుకుంది. పార్వతి ముక్కుతొడుగు బల్లమీద పెట్టేసి తల్లి కాళ్లదగ్గర కూర్చుంది.

"ఇంటికెళ్దాం పద," అంది దాలమ్మ కూతురితో. "పొయ్యి ఏద్దాం. నీకు అన్నం వొండి పెడతాను."

"తేటమనిషి పొయ్యి దగ్గర కూర్చోకూడదు పెద్దమ్మా," అంది యశోద.

"అది ఈధిలో కూకుంటాదిలే. వొండీది నాను కదా."

ఆ మాట ముగియకముందే ఏదో జరిగింది. ముందు ఏం జరిగిందో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. కిటికీ చట్రం వణకడం ఆగింది. బల్లమీద గ్లాసులో నీళ్లు నిలకడగా నిలిచాయి. మిల్లు మోత ఆగిపోయింది. ఒక షెడ్డు కాదు, అన్నీ.

పుట్టి బుద్ధెరిగి పలుగువలసలో అంత నిశ్శబ్దం యశోద వినలేదు. వీధిలో జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి నిలబడి ఉంటారు, ఎవరూ నోరు మెదపడం లేదు. ఆ నిశ్శబ్దంలో సన్నగా పిల్లికూతలు వినిపించాయి, ఆగి ఆగి, రొమ్ములోంచి వచ్చేవి. యశోద ఆదుర్దాగా దాలమ్మవైపు చూసింది. దాలమ్మ, పార్వతి ఇద్దరూ ఆవిడనే చూస్తున్నారు.